గుప్పెడు బియ్యం యొర్దాను

మొన్న మా మనవరాలు డ్రాయింగు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. రెండు కొండలు, వాటి నడుమ సగం పైకొచ్చిన సూర్యుడు, ఆ సందులోంచి మెలికలు తిరుగుతూ దిగే ఏరు, ఏటి గట్టున గుడిసె, గుడిసె పక్కన వంగిన కొబ్బరిచెట్టు, ఆకాశంలో నాలుగు పక్షులు. "బాగుందా మామ్మా?" అంది. బాగోకేం, నేనూ అదే వేశాను, దాని తండ్రీ అదే వేశాడు. ఈ పిల్ల పుట్టిందీ పెరిగిందీ పట్నంలో, ఎక్కడో పై అంతస్తులో. దానికి గుడిసె తెలీదు, ఏరు తెలీదు, సూర్యుడు కూడా ఎదురు బిల్డింగు దాటి వచ్చేసరికి పదవుతుంది. అయినా ఆ బొమ్మ మాత్రం వచ్చేసింది. ఎవరు నేర్పారే అంటే, "ఎవరూ నేర్పలేదు, అందరికీ వచ్చు కదా" అంది. నాకు నవ్వాగలేదు. ఎందుకంటే విజయనగరంలో సగం ఊరికి ఆ బొమ్మ నేర్పిన పాపం మా మావయ్యదే.

మావయ్య అంటే మా అమ్మకి ఆఖరి తమ్ముడు. హైస్కూల్లో డ్రాయింగు మేస్టారు. సన్నగా, పొడుగ్గా, తెల్ల మీసంతో ఉండేవాడు. కోపం ముక్కు మీదుండేది గానీ అక్కడ ఎక్కువసేపు నిలిచేది కాదు. ఆయన క్లాసంటే కొండల బొమ్మే. లెక్కల మేస్టారు సెలవు పెడితే కొండలు, ఇనస్పెక్షను వస్తే కొండలు, వాన పడి పిల్లలు సగం మందే వస్తే కొండలు. ఎప్పుడూ అదేనేం మావయ్యా అని చిన్నప్పుడు అడిగితే, "అదయితే గంట కొట్టీసరికి అయిపోతాదే. మరోటయితే సగంలో ఉండిపోతాది" అన్నాడు. అంత చిన్న కారణానికి ఉద్యోగకాలమంతా ఒకే బొమ్మ వేయించిన మనిషి, లోపల్లోపల దాన్ని ఎంత అసహ్యించుకున్నాడో రిటైరైన రోజున బయటపడింది. మెళ్లో దండ, భుజాన శాలువా వేసి రెండు ముక్కలు మాట్లాడమంటే, లేచి, "ఇవాల్టి నించి నాను కొండ గీయను. గీస్తే ఈ చెయ్యి చెయ్యి కాదు" అని కూర్చున్నాడు. అందరూ చమత్కారం అనుకుని చప్పట్లు కొట్టారు. మా అత్తయ్య మాత్రం కొట్టలేదు. ఆ మొండితనం సంగతి ఆవిడకి తెలుసు.

అత్తయ్య మిషను ఆసుపత్రిలో స్టాఫు నర్సుగా చేసి రిటైరైంది. మావయ్య కన్నా జీతం ఎక్కువ, గొంతూ ఎక్కువే. మా సంఘంలో, అంటే మా చిన్న బాప్టిస్టు చర్చిలో, స్త్రీల సమాజానికి పెద్ద. పాస్టరుగారి ప్రసంగం పొడుగైతే ముందు బెంచీలోంచి గొంతు సవరించుకునే హక్కు ఆవిడకొక్కర్తికే ఉండేది. అలాంటి ఆవిడ, మావయ్య రిటైరైన కొత్తలో, ఒక సాయంత్రం ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూసింది, తర్వాత బీపీ చూసింది. జరిగిందేమిటంటే, ఆయన తోటి మేస్టారి కొడుకు పెళ్లికని పొద్దున్న పాసింజరు ఎక్కి విశాఖపట్నం వెళ్లాడు. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చాడు. ఏం పెట్టారని అత్తయ్య అడిగింది. "ఎవులు?" అన్నాడు. పెళ్లోరు అంది. "నాను పెళ్లికి ఎల్లలేదే" అన్నాడు. మా వైపు మనిషి పెళ్లికి వెళ్లకపోతే ఏ పనిమీదున్నాడో అనుకుంటారు. పెళ్లికని బయల్దేరి భోజనం వదులుకుని వస్తే మాత్రం ఒంట్లో ఏదో అయిందనే అనుకుంటారు. "బీపీ బాగానే ఉన్నాది. అయితే బుర్రే" అని తేల్చింది అత్తయ్య.

ఆటో పోర్టు రోడ్డులో ఆగిపోయిందట. ముందంతా లారీలు. దిగి నడుద్దామని ఒక వంతెన ఎక్కితే, కింద ఓడ. ఓడ కడుపులోకి క్రేను కొక్కెం ఇనప దోసిలితో దిగడం, నల్లటి బొగ్గు దోసెడు దోసెడుగా పైకి రావడం, అది కుప్పలో పడ్డప్పుడు లేచిన ధూళి మీద ఎండ పడటం. అలా చూస్తూ నిలబడ్డాడు. ముహూర్తం పోయింది, పప్పన్నం పోయింది, ఎండా పోయింది. ఆ రాత్రి అన్నం కలుపుతూ, "ఇన్నాళ్లూ నాను ఎవురికీ అక్కర్లేని కొండలు గీయించినానే. అక్కడ ఒక ఊరు ఊరంతా కదుల్తన్నాది" అన్నాడట. అత్తయ్య మర్నాడు నాతో చెప్పింది, కాస్త భయంగానే.

ఆ తర్వాత ప్రతి శనివారం ఆయన విశాఖపట్నం వెళ్లి పోర్టు బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. రాష్ట్రం రెండు ముక్కలవడానికి ముందు కొన్నేళ్ల మాట ఇది. నేనప్పుడు హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. బడి లేని శనివారాల్లో నన్ను తోడు పంపేది అత్తయ్య. "ఒక్కడే ఎల్తే ఏ రైలుపట్టాల మీద పీటేసుకుని కూకుంటాడో" అని. నాకూ సరదాగానే ఉండేది. మడత పీట, బోర్డు, రంగులపెట్టె, గొడుగు ఆయన దగ్గర, అన్నం క్యారేజీ నా దగ్గర. పాసింజర్లో కిటికీ పక్క సీటు కోసం ఆయన చిన్నపిల్లల్తో కూడా దెబ్బలాడేవాడు. వంతెన మీద నడవడానికి వదిలిన మూలలో ఒక చోటు ఎంచుకున్నాడు. ఎదురుగా లోపలి హార్బరు, దాని వెనక క్రేన్లు, కుడిచేతి వైపు ముక్కు చాచుకుని సముద్రంలోకి దిగిన పెద్ద కొండ, కొండ మీద తెల్లగా లైటుహౌసు. కొండ గీయనని ఒట్టేశాడు కదా, బోర్డు ఎప్పుడూ కాస్త ఎడమకి తిప్పి పెట్టేవాడు.

పోర్టుకి ఆడవాళ్లనీ మగవాళ్లనీ భేదం లేదు, అందరికీ ఒకే రంగు పులుముతుంది. ఇనుప ఖనిజం ఎర్రధూళి. అక్కడి చెట్ల ఆకులు ఎర్రగా ఉండేవి, కుక్కలు ఎర్రగా ఉండేవి, మధ్యాహ్నానికి మావయ్య తెల్ల మీసం కూడా ఎర్రబడేది. గాలి తిరిగితే ఎండుచేపల వాసన, మళ్లీ తిరిగితే డీజిలు వాసన. ఓడ కూత పెడితే క్యారేజీ మూత సన్నగా వణికేది. వంతెన దిగువన టీ కొట్టు నడిపే ఆవిడ సముద్రం మీద చేపల వేటకెళ్లే వాళ్ల ఇంటి మనిషి. మూడు కుప్పలు, పచ్చటి గంధకం, ఎర్రటి ఖనిజం, నల్లటి బొగ్గు, పక్కపక్కన బొమ్మలో చూసి, "మేస్టారు మా పోర్టుకి పేరంటం సేత్తన్నారేటి. పసుపెట్టినారు, కుంకుమెట్టినారు, కాటుకెట్టినారు. పువ్వులే నేవు" అంది. మావయ్య పొంగిపోయి ఆవిడ దగ్గర మరో రెండు టీలు తాగి, రాత్రి నిద్ర పట్టక అత్తయ్యని చంపుకు తిన్నాడు.

బొమ్మలు గొప్పగా వచ్చేవని నేను అబద్ధం చెప్పను. మొదట్లో ఆయన క్రేన్లు కల్లు తాగి ఇంటికెళ్తున్నట్టు ఉండేవి. తర్వాత నిలబడ్డాయి. నీళ్లు మాత్రం మొదటి నుంచీ బాగా వచ్చేవి. చమురు తేలే ఆ మురికి నీటిలో ఆయనకి ఎన్ని రంగులు కనపడేవో, గంటలకొద్దీ ఆ నీళ్లే దిద్దేవాడు. అసలు చిక్కు ఓడలతో వచ్చేది. ఈయన సగం వేసేసరికి సరుకు దింపుకుని అది పోయేది. "సూడే, చెప్పకుండా ఎల్లిపోతన్నాది" అని, అదేదో చుట్టమైనట్టు నొచ్చుకునేవాడు. పై శనివారానికి అదే చోట మరో రంగు ఓడ ఉండేది. కాగితం పారేయడం ఇష్టం లేక మిగతా సగం దాన్ని చూసి పూర్తి చేసేవాడు. అందుకని ఆయన ఓడలకి ముందు సగం పచ్చ, వెనక సగం ఎరుపు ఉండేవి. "ఇది ఓడా, అతుకుల బొంతా?" అనేది అత్తయ్య.

ఒకసారి పోర్టు గోడ దగ్గర కాపలా కాసే మనిషి ఒకడు పైకొచ్చాడు. ఇరవై నాలుగు గంటలూ మనుషుల్ని అనుమానించే ఉద్యోగం పాపం. "ఏటండీ ఇది, క్రేన్లూ ఓడలూ గీసీస్తన్నారు. పర్మిషనున్నాదేటి?" అన్నాడు. మావయ్య లేచి, తనెవరో, ఏ ఊరో, ఎందుకొచ్చాడో చెప్పాడు. ఆ మనిషి చీపురుపల్లి వాడని తేలింది. మన జిల్లా మేస్టారని మెత్తబడ్డాడు గానీ, డ్యూటీ డ్యూటీయే కదా. కాసేపు ఆలోచించి, "పోనీ మేస్టారూ, ఆ కొండ గీసుకోండి. కొండకి పర్మిషను అక్కర్నేదు" అన్నాడు. మావయ్య మొహం చూడాలి. బతుకంతా వదిలించుకుందామనుకున్నది ఇంత దూరం వచ్చి ఎదురుపడింది. ఆయన మొహంలో ఏం కనిపించిందో గానీ ఆ కాపలా మనిషి, "సరే నెండి, నాను ఇటు సూళ్లేదు" అని వీపు తిప్పి, అక్కడే నిలబడి బీడీ కాల్చుకున్నాడు.

ఇంత చేసీ, ఆ బొమ్మలు ఎవరికీ అక్కర్లేదు. ఇంట్లో మంచం కింద కొన్ని, బీరువా మీద కొన్ని. బియ్యం డ్రమ్ముకి మూతగా ఒకటి. ఇరుగుపొరుగు వాళ్లకి ఇస్తే, "ఇంట్లో ఇనుము తగిలించుకుంటే శని మేస్టారూ" అని మొహమాటపడేవారు. సంఘం వాళ్లు, వాళ్లకి శని లేదు గనక, "లక్షణంగా పూలు వేయొచ్చు కదండీ" అనేవారు. పెళ్లిళ్లకి కానుకగా ఇచ్చినవి ఏమయ్యాయో ఎవరం అడగలేదు. ఒకసారి రైల్లో మావయ్య నాతో అన్నాడు: "నాకు పేరొద్దే అమ్మీ, డబ్బొద్దు. మన ఊళ్లో ఒక్క గోడ. మొగమాటానికి కాకుండా ఆల్లకే బాగుండి, ఒక్క గోడ మీద నా పోర్టు ఉంటే సాలు." అంతే ఆయన కోరిక. అది తీరేది కాదని నాకు తెలుసు. నా ఇంటి గోడ మీద ఒకటి పెట్టాను గానీ నేను మేనకోడల్ని, లెక్కలోకి రాను.

అప్పుడొచ్చింది యొర్దాను సంగతి. మా సంఘంలో బాప్తిస్మాలు మొదట్నుంచీ చంపావతి ఏట్లో ఇచ్చేవారు. మనిషి పూర్తిగా నీళ్లలో మునిగి లేవాలి మాకు. ఈస్టరు వచ్చేసరికి ఏట్లో మోకాలి లోతు కూడా ఉండేది కాదు. ఒక ఏడు ఒక భారీ మనిషిని ముంచడానికి సంఘం పెద్దలు ఇద్దరు కలిసి ఇసకలో గొయ్యి తవ్వాల్సి వచ్చింది. దాంతో చర్చిలోనే, ప్రసంగ వేదిక వెనక, నడుంలోతు తొట్టి కట్టించారు. తొట్టి వెనక గోడ బోసిగా ఉంది. ఆ గోడ మీద, ప్రభువు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నది బొమ్మ ఉంటే, మునిగే వాళ్లకి యొర్దానులోనే మునిగినట్టుంటుందని పాస్టరుగారు అన్నారు. రంగుల ఖర్చు స్త్రీల సమాజం పెట్టుకుంటుందని అత్తయ్య అంది. వేయడానికి మా ఇంటాయన ఉన్నాడని కూడా అనేసింది.

స్త్రీల సమాజం డబ్బంటే గుప్పెడు బియ్యం డబ్బు. మా సంఘంలో ఆడవాళ్లు వంటకి ఎసరు పెట్టిన ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా తెచ్చి చర్చిలో డ్రమ్ములో పోస్తారు. అది అమ్మగా వచ్చినదాన్ని ఏం చెయ్యాలో ఆడవాళ్లే అనుకుంటారు. పెద్దలు గానీ పాస్టరుగారు గానీ దాని జోలికి రారు. ఎక్కడా రాసి లేదు గానీ మా అమ్మమ్మ కాలం నుంచీ అంతే. కూలికెళ్లే ఇంటి గుప్పెడూ, ఉద్యోగస్తుల ఇంటి గుప్పెడూ డ్రమ్ములో ఒకటే.

మావయ్య మొదట ఒప్పుకోలేదు. నది, కొండలు, చెట్లు. మళ్లీ అదే. అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఊరందరి పిల్లల సేతా గీయించినావు కదా. దేవుడి కోసం ఒకపాలి గీస్తే చెయ్యి ఇరిగిపోతాదేటి? నాను మాటిచ్చీసినాను, నా పరువు తియ్యకు" అంది. పరువు మాట వచ్చాక ఇంకేం మిగలదు. తొట్టి ముందు దుప్పటి కట్టించుకుని లోపల పని మొదలుపెట్టాడు. ఎవరినీ చూడనివ్వలేదు. పొద్దున్న వెళ్లి పొద్దుగూకి వచ్చేవాడు. నాలుగైదు రోజులయ్యాక ఒక శనివారం పని మానేసి, ఒక్కడే పాసింజరెక్కి విశాఖపట్నం వెళ్లొచ్చాడు. నీళ్లు చూసి రావాలన్నాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది, రాలేదు.

ఈస్టరుకి ముందు రోజు పొద్దున్న పెద్దలొచ్చారు. పాతపట్నం వైపు నుంచి కొత్తగా వచ్చిన పాస్టరుగారు, చిన్నవాడు, మెత్తటి మనిషి. సంఘం డబ్బు చూసే ట్రెజరరు గారు, ఆఫీసరుగా చేసి రిటైరైనాయన, పంచె మీద ముడత పడనివ్వడు. ఇంకో ఇద్దరు. మావయ్య దుప్పటి లాగాడు. బొమ్మ అందంగా ఉంది, అది మాత్రం ఒప్పుకోవాలి. తొట్టి అంచు నుంచి మొదలై నీళ్లు గోడంతా పరుచుకుని, పొద్దుటి వెలుగులో కదుల్తున్నట్టే ఉన్నాయి. కానీ ఆ కుడివైపు కొండ, ముక్కు చాచుకుని నీళ్లలోకి దిగింది. దాన్ని ఎరగని వాళ్లు మా మూడు జిల్లాల్లో లేరు. కొండ మీద తెల్లగా లైటుహౌసు. ఎడమ గట్టున ఎర్రటి కుప్ప. కుప్ప వెనక మంచులోంచి వరసగా నాలుగు క్రేన్లు.

ట్రెజరరు గారు కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. "మేస్టారూ, యొర్దాను నదికి ఆ ఇనప సామానేటండీ?" అన్నాడు.

"ఇనప సామాను కాదండి. ఖర్జూరం సెట్లు" అన్నాడు మావయ్య.

"ఖర్జూరం చెట్టుకి తీగలూ, కొక్కెమూ ఉంటాయేటండీ?"

"దూరం నించి అలాగే అవుపిస్తాయి."

"మరి కొండ మీద లైటుహౌసో?"

మావయ్య ఇక చెట్ల జోలికి పోలేదు. నిజం చెప్పేశాడు. యొర్దానే మొదలుపెట్టానన్నాడు. రెండు కొండలూ, నదీ, చెట్లూ వేసి వెనక్కి జరిగి చూస్తే ఆరో తరగతి డ్రాయింగు పరీక్షలా ఉందట. దాని ముందు మనుషులకి కొత్త జీవితం ఎలా మొదలవుతాదండీ అన్నాడు. సూర్యుణ్ని చెరిపానన్నాడు. ఆపైన చెయ్యి దాని దారిన అది పోయిందన్నాడు. పాస్టరుగారు ఇబ్బందిగా కదిలి, బొమ్మ చాలా బాగుంది గానీ ఆరాధనలో జనం ధ్యాస చెదిరిపోతుందేమో అన్నారు. రేపు బాప్తిస్మాలు, కొత్తది వేయించే వ్యవధి లేదు, సున్నం కొట్టేద్దాం, తెల్లగా పవిత్రంగా ఉంటుందని ట్రెజరరు గారు తీర్మానించాడు. అప్పటికప్పుడు వెనక గదిలోంచి సున్నం బాల్చీ, కుంచె వచ్చాయి. మావయ్య, "మీ ఇష్టమండి" అని, బ్రష్షులు ఒక్కొక్కటీ గుడ్డకి తుడిచి పెట్టెలో పెట్టుకుంటున్నాడు. ఒక్క గోడ అన్నాడు. గోడ దొరికి, దాని మీద రంగు ఆరక ముందే పోతోంది.

అప్పుడే అత్తయ్య ఆడవాళ్లందరినీ వెంటేసుకుని వచ్చింది, నేల కడిగి తొట్టి నింపడానికి. గోడ చూసింది. ఆవిడ మొహం ఎర్రబడింది. "ఏటయ్యా ఇది? యొర్దాను గీయమంటే వైజాగు గీసినావు. ఇంట్లో మంచం కింద ఎట్టింది సాలక దేవుడి ఇంట్లో కూడా ఎట్టినావా? నా తల ఎక్కడ ఎట్టుకోను?" అని అందరి ముందూ దులిపేసింది. పెద్దలు అవునవునన్నట్టు తలలూపారు. ఆ ధైర్యంతో ట్రెజరరు గారు పంచె ఎగ్గట్టి కుంచె సున్నంలో ముంచాడు. అత్తయ్య అటు తిరిగింది.

"అది కింద ఎట్టండి బాబూ" అంది.

"మీరే కదమ్మా అంతన్నారు, బాగోలేదని."

"నా మొగుణ్ని నాను అంతాను. నలబై ఏల్ల నించి అంతన్నాను. మీకేటి?" అంది అత్తయ్య. "ఆ రంగు గుప్పెడు బియ్యం డబ్బుతో కొన్నాది. సమాజాన్ని అడక్కండా దాని మీద సున్నం ఎవులు కొడతారు?"

ట్రెజరరు గారు కుంచె పట్టుకున్న చేత్తోనే ఆగిపోయాడు. కొసల్నుంచి సున్నం ఆయన పంచె మీదే కారుతోంది. పెద్దలొకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ డబ్బు మాటెత్తాక సంఘంలో ఎవరికీ నోరు పెగలదు. సరే అడగండి అన్నారు. అత్తయ్య ఆడవాళ్లని బెంచీల మీద కూర్చోబెట్టి, ఉంచడమా తీయడమా చెప్పమంది. నేను సంబరపడబోయాను గానీ, వాళ్ల మాటలు విని మళ్లీ నీరుగారిపోయాను. పిల్లలు నవ్వుతారని ఒకావిడ అంది. అన్నవరం నుంచి వియ్యాలవారు వస్తున్నారు, ఏమనుకుంటారో అని ఇంకొకావిడ. ఇద్దరు ముగ్గురు కొంగుల చాటున నవ్వుతున్నారు. అత్తయ్య వింటూ నిలబడింది. ఉంచమని అడగడానికి ఆవిడకి నోరు రావడం లేదు, ఇన్నేళ్లు తిట్టిన నోరది. మావయ్య పెట్టె మూత వేశాడు.

వెనక బెంచీలోంచి కళాసీ మామ్మ లేచింది. మా సంఘంలో అందరి కన్నా పెద్దావిడ. భర్త పోర్టులో ఓడలకి ఖనిజం ఎక్కించే కళాసీగా బతుకంతా చేసి, అప్పటికి చాలా ఏళ్ల కింద పోయాడు. అందుకే ఆ పేరు. బెంచీలు పట్టుకుంటూ మెల్లగా తొట్టి దాకా వచ్చి, "మేస్టారు బాబూ, ఆ ఎర్రదేటి?" అంది.

"ఖనిజం కుప్ప అప్పా" అన్నాడు మావయ్య, అక్కని పిలిచినట్టు.

"మా ముసిలోడు సేసీవోడే, ఆ ఎర్ర రాయేనా?"

"అదే. ఇదిగో, ఈ క్రేన్ల కిందే కళాసీలు ఉండీవోరు" అని మావయ్య వేలు పెట్టి చూపించాడు.

ఆవిడ చాలాసేపు చూసింది. "పెల్లయి వచ్చినకాడ్నించీ ఆడి బట్టలు ఉతికినాను. ఎన్ని నీల్లు పోసినా ఎర్రగానే దిగీది. ఇంత ఎరుపు ఎక్కడ్నించి తెస్తన్నావురా, ఒకపాలి సూపించరా అంటే, ఆడోల్లని రానియ్యరే అనీవోడు" అంది. తర్వాత ఎవరితోనూ కానట్టు, "ఇదన్నమాట" అంది.

ఆవిడ ఏడవలేదు. నేను ఏడ్చాను, ఆడవాళ్లలో చాలామంది ఏడ్చారు. పాసింజరెక్కి పొద్దున్నే విశాఖపట్నం పనిలోకి పోయే మొగుళ్లూ, కొడుకులూ లేని ఇల్లు మా సంఘంలో తక్కువ. ఒక్కొక్కరే లేచి తొట్టి చుట్టూ చేరారు. మావోడు ఆ గోడవుతల, మా అల్లుడు ఆ పొగగొట్టం దగ్గర, మాయన ఇందులో ఉన్నాడేటండీ మేస్టారూ అని అడగడం మొదలుపెట్టారు. మావయ్య పెట్టె మళ్లీ తెరిచి, బ్రష్షు కర్రతో చూపించి చెప్తున్నాడు. పాస్టరుగారు ట్రెజరరు గారి వైపు తిరిగి నెమ్మదిగా ఏదో అనబోయారు. అత్తయ్యే అందుకుంది. "పనోల్ల ఊరు సూస్తే ప్రభువుకి కొత్తేటండీ? ఆయనా వడ్రంగి ఇంట్లో పెరిగినోడే కదా" అంది. ట్రెజరరు గారు తన పంచె మీది సున్నం మరక చూసుకున్నాడు. "సరే. ఈ ఆదివారానికి ఉండనీండి. తర్వాత చూద్దాం" అన్నాడు.

మర్నాడు తెల్లబట్టల్లో ఒక్కొక్కరే తొట్టిలోకి దిగారు. పాస్టరుగారు వీపు కింద చెయ్యేసి వెనక్కి ముంచుతుంటే, వాళ్లకి కళ్లు మూసుకునే ముందు కనిపించింది ఎర్రటి కుప్ప, కళ్లు తెరవగానే కనిపించింది క్రేన్లు. ఎవరి ధ్యాసా చెదరలేదు. వియ్యాలవారు, ఇది మన వైజాగు కదూ అని ఒకరికొకరు చెప్పుకుని సంతోషించారు. మావయ్య ఆఖరి బెంచీలో గోడకి జారగిలబడి, బొమ్మ వైపు కాకుండా జనం మొహాల వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి నడుస్తుంటే అత్తయ్య, "నీల్లు బాగా ఏసినావు" అంది. ఆయన ఆగిపోయాడు. "ఆ మాట అనడానికి ఇన్నేల్లు పట్టిందేటి నీకు" అన్నాడు. "నువ్వెప్పుడు అడిగినావు కనక. మంచం కింద తోసీసీవోడివి" అంది. పై శనివారం క్యారేజీ నా చేతికివ్వకుండా తనే పట్టుకుని స్టేషనుకి బయల్దేరింది. వంతెన మీద మధ్యాహ్నం దాకా నిలబడి, ఎర్రబడ్డ చీర దులుపుకుంటూ, కొక్కెం దిగినప్పుడల్లా "ఓలమ్మ" అంటూ చూసింది.

మావయ్యకి తర్వాత ఊళ్లో మరో గోడ దొరకలేదు. అడగనూ లేదు. శనివారాలు ఇద్దరూ కలిసి వెళ్లేవారు, మోకాళ్లు సహకరించినన్నాళ్లు. ఆ చర్చికి మాత్రం కొత్త ఫేన్లు వచ్చాయి, కొత్త బెంచీలు వచ్చాయి, తొట్టికి పలకలు వేశారు, ముగ్గురు పాస్టర్లు మారారు. సంఘం అంతా కూర్చుని ఎప్పటికీ ఇలాగే ఉండాలని తీర్మానాలు చేసినవి ఎన్నో మారిపోయాయి. ట్రెజరరు గారన్న ఆ "తర్వాత" మాత్రం ఇంకా రాలేదు. ఆయనే రెండేళ్ల కింద, పైకప్పు కారితే, ముందు ఆ గోడకి తడి తగలకుండా చూడండని కేకలేశాడు. ఉండాలని మనుషులు పట్టుబట్టిన వాటిని చెరపడానికి కాలం తొందరపడుతుంది గానీ, ఈ ఆదివారానికి ఉండనీండి అని వదిలేసిన వాటి సంగతి ఎందుకో అదీ తర్వాత చూద్దామనే అనుకుంటుంది.